పత్తి పండని డెల్టాలో పత్తిచెక్క ధర: నడుమ మిగిలేది ఎవరికి?

గోదావరి డెల్టా మొత్తం కాటన్ దొర పేరును తలచుకుంటుంది గాని, ఆ పేరుకు ఇంగ్లీషులో ఉన్న అర్థమైన పత్తి మాత్రం ఇక్కడి పంట కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి ఈ నేల వరికి, చెరకుకు, కొబ్బరికి, ఆ తరువాత చేపకు, రొయ్యకు కట్టుబడి ఉంది. అయినా భీమవరం, తణుకు, అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో ఏ దాణా కొట్టు ముందు నిలబడినా పత్తిచెక్క బస్తాలు కనిపిస్తాయి. గుంటూరు, పల్నాడు, ఆదోని, ఖమ్మం, వరంగల్ వైపు పండిన పత్తి గింజ అక్కడి మిల్లులో నూనె పిండించుకుని, మిగిలిన చెక్కగా మన గేదెల కుడితి తొట్టిలోకి వస్తుంది. కనుక ఆ గింజ ధర ఎలా ఏర్పడుతుంది, చేతులు మారిన ప్రతిచోటా దానికి ఎంత కలుస్తుంది అనే ప్రశ్న పత్తి రైతుకు ఎంత ముఖ్యమో, పత్తి మొక్కను దగ్గరగా చూడని డెల్టా పాడి రైతుకు కూడా అంతే ముఖ్యం.

సాధారణంగా ఈ ప్రశ్నను ఒక నిందగా అడుగుతారు. పత్తి రైతుకు గిట్టుబాటు లేదంటున్నారు, మాకు చెక్క బస్తా ధర దిగడం లేదు, మరి నడుమనున్న డబ్బంతా ఎవరు తింటున్నారు అన్నది ఆ నింద సారాంశం. ఇందులో కోపం న్యాయమైనదే కావచ్చు గాని, లెక్క మాత్రం తప్పు. పత్తి రైతు అమ్మిన సరుకూ, డెల్టా రైతు కొన్న సరుకూ ఒకటి కావు. ఆ రెంటి మధ్య తేడాను ఒక్కరి లాభంగా చూడటం, ధాన్యం ధరకూ తవుడు ధరకూ ఉన్న తేడాను మిల్లరు లాభం అనడం వంటిది.

ముందుగా మూడు మాటలను విడదీసి చూడాలి. రెండు దశల్లో ఒకే సరుకుకు ఉన్న ధరల తేడాను ధరల అంతరం అంటారు. ఆ అంతరంలో లారీ బాడుగ, హమాలీ, సంచి, కరెంటు, వడ్డీ, తరుగు వంటి వాటికి పోయేది మార్కెటింగ్ ఖర్చు. అవన్నీ పోగా వ్యాపారి చేతిలో నికరంగా నిలిచేది మార్జిన్. అంతరం పెద్దదైనంత మాత్రాన మార్జిన్ పెద్దది కానక్కర్లేదు. అంతరం చిన్నదిగా ఉండి, సరుకు వేగంగా తిరిగేచోట మార్జిన్ బాగానే ఉండవచ్చు. మాటల్లో ఈ మూడింటినీ కలిపి లాభం అనేయడం వల్లే సగం వాదనలు పుడుతున్నాయి.

కూరగాయల విషయంలో ఈ లెక్క కొంత తేలిక. రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో వెలువరించిన అధ్యయన పత్రాల ప్రకారం, వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది టమాటాలో 33 పైసలు, ఉల్లిలో 36, బంగాళాదుంపలో 37. టమాటా పొలంలోనూ టమాటానే, కొట్టులోనూ టమాటానే కనుక ఈ కొలత చెల్లుతుంది. పత్తి దగ్గర మాత్రం రైతు అమ్మిన క్వింటాలు మొదటి యంత్రం దగ్గరే దూదిగా, గింజగా చీలిపోతుంది. ఆ గింజ రెండో యంత్రం దగ్గర నూనెగా, చెక్కగా మళ్ళీ చీలుతుంది. వాటిలో దేనికి దాని రూపాయి వేరు, దాని కొనుగోలుదారు వేరు. కాబట్టి చెక్క రూపాయిలో పత్తి రైతు వాటా ఎంత అన్న ప్రశ్నకు సూటిగా ఒకే ఒక్క అంకె చెప్పేవారిని నేను నమ్మను.

డెల్టా వారికి ఈ చీలిక కొత్త కాదు. ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని మర ఆడించి ఇచ్చే మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యం తిరిగి అప్పగించాలి. అందుకు అతనికి ముట్టే మర ఛార్జీ క్వింటాలుకు పది రూపాయలు. పది రూపాయలకు క్వింటాలు ధాన్యం ఎవరు ఆడిస్తారని ఆశ్చర్యపడేవారు తవుడును, నూకను, ఊకను మరచిపోతున్నారన్నమాట. అవి మిల్లరుకే మిగులుతాయి కనుక, తవుడు నూనె ధర బాగున్న ఏడాది అతని మొహం ఒక తీరుగా, పడిపోయిన ఏడాది మరొక తీరుగా ఉంటుంది. పత్తి వ్యవహారం కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది, కాకపోతే అక్కడ ఉపఫలమనుకునే గింజే బరువులో ఎక్కువ.

ఇక్కడ గింజ అనే మాటను గురించి ఒక్క మాట. విత్తే గింజ వేరు, పిండే గింజ వేరు. బీటీ పత్తి విత్తనానికి కేంద్రం ఏటా గరిష్ఠ ధర ప్రకటిస్తుంది. 2024లో 475 గ్రాముల ప్యాకెట్టుకు అది 864 రూపాయలు, అంటే కిలోకు 1,800 పైమాటే. నంద్యాల ప్రాంతంలోనూ గద్వాలలోనూ ఒక్కొక్క పూవుకు చేతితో పరాగం అంటించి తయారుచేసే సంకర విత్తనమది. నూనె మిల్లుకు వెళ్ళేది జిన్నింగు మిల్లులో దూది తీయగా రాలిన మామూలు గింజ. ఈ రెంటికీ కిలో ధరలో యాభై రెట్ల దాకా తేడా ఉంటుంది. పత్తి గింజల మీద ఇంత మార్జినా అని ఎవరైనా ఉలిక్కిపడితే, ముందు వారు ఏ గింజ గురించి మాట్లాడుతున్నారో అడగడం మంచిది. ఈ వ్యాసం పిండే గింజ గురించి మాత్రమే.

ఇక లెక్కలోకి వెళదాం. కింద వచ్చే ధరలు, ఖర్చులు ఏ ఒక్క రోజు మార్కెట్ రేట్లూ కావు. వాస్తవానికి దగ్గరగా ఉండేటట్టు, లెక్క నడవడం కోసం నేను వేసుకున్న అంకెలు. బరువుల నిష్పత్తులు మాత్రం మిల్లుల్లో మామూలుగా వచ్చేవే.

క్వింటాలు పత్తిని జిన్నింగు ఆడిస్తే సుమారు 34 కిలోల దూది, 64 కిలోల గింజ వస్తాయి. తక్కినది చెత్తగా, దుమ్ముగా పోతుంది. దూది కిలో 152 రూపాయలనుకుంటే 5,168, గింజ కిలో 35 అనుకుంటే 2,240, మొత్తం 7,408 రూపాయలు. మిల్లు యజమాని రైతు దగ్గర క్వింటాలు 7,000కు కొని ఉంటే అంతరం 408. అందులోనే జిన్నింగు, బేళ్ళు కట్టడం, కూలీ, వడ్డీ, మార్కెట్ రుసుము అన్నీ సర్దుకోవాలి. ఈ చిన్న లెక్కలో రెండు సంగతులు గమనించాలి. బరువులో దాదాపు మూడింట రెండు వంతులున్న గింజ విలువలో మూడింట ఒక వంతు కూడా లేదు. అయినా గింజ ధర కిలోకు ఒక్క రూపాయి కదిలితే పత్తి క్వింటాలు ధరలో 64 రూపాయలు కదులుతాయి. తాను దూది అమ్ముతున్నానని పత్తి రైతు అనుకుంటాడు గాని, అతనికి దక్కే ధరలో దాదాపు మూడో వంతు మన గేదెల మేత మీద, వంటనూనె మీద ఆధారపడి ఉంది.

రెండో సంగతి మద్దతు ధరకు సంబంధించినది. 2024-25 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. పైన వేసిన లెక్కలో దూది, గింజ రెండూ అమ్మినా 7,408 దాటడం లేదు. అంటే అటువంటి ధరలున్నప్పుడు ప్రైవేటు జిన్నింగు మిల్లు మద్దతు ధర పెట్టి కొనలేదు, కొంటే మొదటి బస్తాకే నష్టం. అప్పుడు భారత పత్తి సంస్థ రంగంలోకి దిగి కొంటుంది, ఎనిమిది శాతం తేమను ప్రమాణంగా పెట్టుకుని పన్నెండు శాతం దాకా ధరలో కోతతో తీసుకుంటుంది, ఆడించిన తరువాత బేళ్ళనూ గింజనూ ఆన్‌లైన్ వేలంలో అమ్ముతుంది. ఆ సంస్థ భారీగా కొన్న సంవత్సరాల్లో గింజ సరఫరాలో పెద్ద భాగం ఒకే చేతిలో ఉంటుంది. దాంతో అది ఎప్పుడు వేలం వేస్తుంది, ఎంత కనీస ధర పెడుతుంది అన్నదే నూనె మిల్లు కొనుగోలు ధరను, ఆ వెనుక చెక్క ధరను నడిపిస్తుంది. భీమవరం దాణా కొట్టులో బస్తా రేటు మారిందంటే దాని వెనుక ఒక వేలం ఫలితం ఉండవచ్చునన్న ఊహ సాధారణంగా ఎవరికీ రాదు.

తరువాతి మజిలీ నూనె మిల్లు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది కనుక కాస్త నిదానంగా చూద్దాం. శాస్త్రీయ పద్ధతిలో గింజ మీది పొట్టి నూగును మొదట గీకేసి, పొట్టు తీసి, లోపలి పప్పును మాత్రమే పిండితే నూనె, చెక్క, పొట్టు, నూగు అనే నాలుగు సరుకులు విడివిడిగా వస్తాయి. నూగుకు కాగితం, సెల్యులోజు పరిశ్రమల్లో మంచి గిరాకీ ఉంటుంది. పొట్టు తీసిన చెక్కలో మాంసకృత్తులు నలభై శాతం దాకా ఉంటాయి. మన దేశంలో ఎక్కువ మిల్లులు ఇంత పని పెట్టుకోవు. నూగుతో, పొట్టుతో సహా గింజను యథాతథంగా పిండేస్తాయి. అలా చేస్తే క్వింటాలు గింజకు పన్నెండు కిలోల అటూ ఇటూ నూనె, ఎనభై పైచిలుకు కిలోల చెక్క వస్తాయి. ఆ చెక్కలో మాంసకృత్తులు ఇరవై రెండు శాతం ప్రాంతంలోనే ఉంటాయి, నూనె మాత్రం ఏడు శాతం దాకా మిగిలిపోతుంది.

క్వింటాలు గింజ మిల్లు గుమ్మంలో 3,500 రూపాయలనుకుందాం. 12 కిలోల నూనె కిలో 115 చొప్పున 1,380. 82 కిలోల చెక్క కిలో 30 చొప్పున 2,460. తక్కిన ఆరు కిలోలు తేమగా, మట్టిగా పోతాయి. మొత్తం రాబడి 3,840, అంతరం 340. అందులో కరెంటు, ఆవిరి, కూలీ, సంచులు, మరమ్మతులు, వడ్డీ కలిపి 260 పోతే నికరంగా మిగిలేది 80 రూపాయలు, అమ్మకం మీద రెండు శాతం. ఈ రాబడిలో నూనె వాటా 36 శాతం కాగా చెక్క వాటా 64 శాతం. వీటిని నూనె మిల్లులని పిలుస్తున్నాం గాని, లెక్క ప్రకారం ఇవి నూనెను ఉపఫలంగా తీసే చెక్క మిల్లులు. గింజ ఖరీదులో పెద్ద భాగాన్ని భరిస్తున్నది వంటింట్లో నూనె వాడేవారు కాదు, పశువును మేపేవారు. పత్తి గింజల నూనె గుజరాత్‌లో తన పేరుతోనే వంటింట్లోకి వెళుతుంది. మన వైపు ఇళ్ళలో ఆ పేరు చెప్పి నూనె అడిగి కొనేవారు చాలా అరుదు, అది మిశ్రమ నూనెల్లో, వనస్పతిలో, పిండివంటల కొట్ల బాణలిలో కనిపించకుండా కలిసిపోతుంది.

చెక్కలో మిగిలిన ఏడు శాతం నూనె గురించి కూడా అడగవలసిందే. 82 కిలోల చెక్కలో దాదాపు 5.7 కిలోల నూనె ఉంటుంది. నూనెగా అమ్మితే 655 రూపాయలు పలికే ఆ సరుకును చెక్క బరువులో 171 రూపాయలకు మిల్లు ఎందుకు వదులుకుంటుంది? దాన్ని పూర్తిగా లాగాలంటే రసాయన ద్రావణితో నూనె తీసే సాల్వెంటు ప్లాంటు కావాలి, అలా లాగేసిన చెక్కకు ధర తగ్గుతుంది, పైగా పాడి రైతు చెక్కను చేతిలో నలిపి జిడ్డు చూసి కొంటాడు. వెన్న శాతాన్ని బట్టి పాలకు ధర కట్టే చోట ఆ జిడ్డుకు విలువ ఇవ్వడం అర్థం లేని పనేమీ కాదు. మిల్లు నుంచి చూస్తే వృథాగా కనిపించేదాన్ని రైతు తెలిసే కొంటున్నాడు.

ఇప్పుడు నూనె ధర కిలోకు పది రూపాయలు పడిందనుకుందాం. క్వింటాలు గింజ మీద మిల్లుకు 120 రూపాయల రాబడి పోతుంది, 80 రూపాయల మిగులు కాస్తా 40 రూపాయల నష్టంగా మారుతుంది. ఆ 120 ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి. గింజ కొనే ధరను కిలోకు రూపాయి ఇరవై పైసలు తగ్గించాలి, లేదా చెక్క అమ్మే ధరను కిలోకు రూపాయి నలభై ఆరు పైసలు పెంచాలి. యాభై కిలోల బస్తాకు అది 73 రూపాయలు. అంటే వంటనూనె చవకైనప్పుడు పత్తిచెక్క ప్రియమయ్యే అవకాశం ఉంది. పైకి విడ్డూరంగా కనిపించినా ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్ల తీరు ఇది, ఒకటి వెనకబడితే బరువంతా రెండోదాని మెడ మీద పడుతుంది.

ఇది ఊహ మాత్రమే కాదని చెప్పడానికి కాకినాడ దాకా వెళితే చాలు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి మించి దిగుమతి సరుకే, అందులో గణనీయమైన భాగం కాకినాడ రేవులో దిగి అక్కడి రిఫైనరీల్లో శుద్ధి అవుతుంది. కేంద్రం 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర దాన్ని 10 శాతానికి తగ్గించింది. పత్తి నూనె వీటితో పోటీ పడి అమ్ముడుపోవలసిందే కనుక, సుంకం కదిలిన ప్రతిసారీ పత్తి నూనె ధర మీద, అక్కడి నుంచి గింజ మీద, చెక్క మీద ఒత్తిడి పడుతుంది. వంటింటికి ఊరటగా ప్రకటించిన తగ్గింపులో కొంత పశువుల పాకలో తిరిగి వసూలు కావచ్చు.

అయితే ఆ 120 రూపాయలూ చెక్క మీదే పడతాయనుకోవడం కూడా తొందరపాటే. గింజ దూది కోసం పండిన పంటలో తప్పనిసరిగా వచ్చేది. నూనె ధర పడిందని జిన్నింగు మిల్లు గింజను రాల్చకుండా ఉండలేదు. చెక్క ధర మరీ పెరిగితే రైతు తవుడు వైపో, మొక్కజొన్న వైపో, తయారు దాణా వైపో తిరుగుతాడు. ఇలా అమ్మేవాడికి దారి తక్కువ, కొనేవాడికి దారులు ఎక్కువ ఉన్నప్పుడు భారం ఎక్కువగా గింజ ధర మీదికే నెడతారు. కిలోకు రూపాయి ఇరవై పైసలు గింజలో తగ్గితే పత్తి క్వింటాలుకు 77 రూపాయలు తగ్గినట్టు. మద్దతు ధర కొనుగోలు గట్టిగా సాగిన ఏడాది ఆ నష్టం ప్రభుత్వ ఖాతాలోకి వెళుతుంది, సాగని ఏడాది పత్తి రైతు ఖాతాలోకి వెళుతుంది. చెక్క మీద ఎంత పడుతుందన్నది ఆ వేసవిలో తక్కిన దాణాల ధరలను బట్టి తేలుతుంది.

మిల్లు గుమ్మం దాటిన చెక్క డెల్టాకు చేరే దారి సాదాసీదాగానే ఉంటుంది. మిల్లు దగ్గర క్వింటాలు 3,000. లారీ బాడుగ 90, ఎక్కించడానికి దించడానికి హమాలీ 30, పట్టణంలోని టోకు వ్యాపారికి 50, అక్కడి నుంచి ఊరి కొట్టుకు ఆటో బాడుగ 40, కొట్టు యజమానికి 140. మొత్తం 3,350, అంటే బస్తా 1,675 రూపాయలు. మిల్లు ధరకూ రైతు ధరకూ అంతరం 350, రైతు పెట్టిన రూపాయిలో పది పైసల పైచిలుకు. కూరగాయలతో పోలిస్తే ఇది చాలా తక్కువ, ఎందుకంటే చెక్క కుళ్ళదు, ఏరి పారేయవలసినది ఉండదు, లారీ నిండా ఒకే సరుకు వస్తుంది.

ఈ వరుసలో కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది ఊరి కొట్టు యజమాని తీసుకునే 140. టోకు వ్యాపారికి 50 చాలినప్పుడు ఇతనికి అంత ఎందుకు? టోకు వ్యాపారి లారీల లెక్కన అమ్మి వారంలో డబ్బు తిప్పుకుంటాడు. ఊరి కొట్టులో బస్తా అరువు మీద పోతుంది. పాలకేంద్రం పక్షానికో పది రోజులకో ఇచ్చే పాల బిల్లులో మొదట ఇంటి ఖర్చు, తరువాత పాత బాకీ తీరుతాయి. బస్తా డబ్బు చేతికి రావడానికి సగటున నెలన్నర పట్టిందనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున 3,210 రూపాయల పెట్టుబడి మీద అది 96 రూపాయలవుతుంది. 140లో 96 పోతే కొట్టు అద్దెకు, అతని కష్టానికి, ఎగవేతల నష్టానికి మిగిలేది 44. చెక్క కొట్టు పేరుతో నడుస్తున్నది నిజానికి చిన్న అప్పుల కొట్టు. నగదు పెట్టి కొనే రైతుకు కూడా అరువు ధరే వేస్తున్న కొట్టు ఉంటే మాత్రం అక్కడ ఆ 96 రూపాయలు అచ్చమైన లాభం, ఆ రైతు బేరం ఆడవలసిన చోటు అదే. బస్తా ధర మీద కంటే నగదు ధరకూ అరువు ధరకూ మధ్య తేడా మీద బేరం ఆడితే ఫలితం ఎక్కువ ఉంటుందని నా అభిప్రాయం.

ధరలో కనిపించని మార్జిన్ మరొకటి ఉంది, అది తేమలో దాగుతుంది. ఎనిమిది శాతం తేమ ఉన్న యాభై కిలోల బస్తాలో 46 కిలోల పొడి చెక్క ఉంటుంది, పన్నెండు శాతం ఉంటే 44 కిలోలే. తగ్గిన ఆ రెండు కిలోల విలువ 1,675 రూపాయల బస్తాలో 73 రూపాయలు. ఊరి కొట్టు యజమాని బస్తాకు తీసుకునే మొత్తం 70. అంటే కొట్టువాడు ఒక్క పైసా తీసుకోకుండా అమ్మినా పూడ్చలేనంత తేడా నీళ్ళ రూపంలో పోతుంది, దాన్ని ఏ ధరల పట్టికా పట్టుకోలేదు. డెల్టా గాలిలో ఉండే చెమ్మ దీన్ని ఇంకా చిక్కు చేస్తుంది. పల్నాడులో పొడిగా బయల్దేరిన సరుకు ఇక్కడి గోదాములో వానాకాలం గడిపితే తేమ పీల్చుకుని బరువు పెరగవచ్చు, బూజు కూడా పట్టవచ్చు. బూజు పట్టిన చెక్క నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషం పశువు కడుపులో మారి పాలలోకి దిగుతుంది, కాబట్టి ముక్కిపోయిన వాసన వచ్చే బస్తా సగం ధరకు దొరికినా చవక కాదు.

కల్తీది కూడా ఇదే కథ. మట్టి, పొట్టు కలిపితే బరువు పెరుగుతుంది. యూరియా కలిపితే నత్రజనిని కొలిచే పరీక్షలో మాంసకృత్తులు ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. ధర మారకుండా నాణ్యత మారినప్పుడు ధరల అంతరం లెక్క నిశ్చలంగానే ఉంటుంది, మార్జిన్ మాత్రం చేతులు మారిపోతుంది. ధరలు మాత్రమే సేకరించి వ్యాపారుల లాభాల మీద తీర్పు చెప్పే అధ్యయనాలకు ఇది పెద్ద లోపమని నేను అనుకుంటాను.

ఇక కాలం సంగతి. పత్తి తీతలు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతాయి, గింజ ఎక్కువగా ఆ నెలల్లోనే బయటికి వస్తుంది. చెక్కకు డెల్టాలో గిరాకీ పెరిగేది మాత్రం వేసవిలో. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, గట్ల మీద పచ్చగడ్డి ఎండిపోయిన ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఎండుగడ్డికి తోడుగా చెక్క తప్పనిసరి అవుతుంది. ఆ మధ్య నెలల్లో సరుకును ఎవరో నిలవ ఉంచాలి. ఆ పనికి దక్కే ప్రతిఫలాన్ని కొలవడంలోనే లెక్కలు తలకిందులవుతాయి.

డిసెంబరులో 3,500కు కొన్న గింజను జూన్‌లో ఆడించిన మిల్లును చూద్దాం. జూన్ నాటికి చెక్క కిలో 34కు చేరింది, నూనె 115 దగ్గరే ఉంది, గింజ 3,900 అయింది. రాబడి 1,380, 2,788 కలిపి 4,168. అదే రోజు గింజ ధరను తీసేస్తే అంతరం 268, ఆడింపు ఖర్చు 260 పోగా ఎనిమిది రూపాయలు. మిల్లు సంఘం ప్రతినిధి అధికారులకు చూపించే లెక్క ఇదే. కొన్న నాటి ధరను తీసేస్తే అంతరం 668, ఆడింపు ఖర్చు పోగా 408. విమర్శకుడు రాసే లెక్క ఇది. ఈ రెండూ అబద్ధాలు కావు, రెండూ సగం నిజాలే. ఆరు నెలల వడ్డీ నెలకు ఒక శాతం చొప్పున 210, గింజ ఆరి తగ్గిన బరువు రెండు శాతం కింద 70 తీసేస్తే 128 రూపాయలు నిలుస్తాయి. వెంటనే ఆడించి అమ్మి ఉంటే మిగిలేది 80 కనుక, ఆరు నెలలు కాచుకున్నందుకు అదనంగా వచ్చింది 48. ఆ ఆరు నెలల్లో కుప్ప వేడెక్కి గింజ రంగు మారే ప్రమాదం, నూనెలో ఆమ్లం పెరిగే ప్రమాదం, ధర పడిపోయే ప్రమాదం అతనివే. ధర పడిపోయిన ఏడాది లెక్క ఎవరూ పత్రికలకు చెప్పరు కనుక మనకు పెరిగిన ఏడాదే గుర్తుంటుంది.

ఈ ప్రమాదాన్ని పంచుకోవడానికే, రాబోయే నెలల సరుకుకు ముందే ధర ఖాయం చేసుకునే వాయిదా వ్యాపారం ఉంది. పత్తిచెక్కకు వ్యవసాయ సరుకుల వాయిదా మార్కెట్ అయిన ఎన్‌సీడీఈఎక్స్‌లో కాంట్రాక్టు నడుస్తుంది, దాని ప్రధాన కేంద్రం విదర్భలోని అకోలా. 2021 డిసెంబరులో ఆవాలు, సోయా, ముడి పామాయిల్ వంటి ఏడు సరుకుల వాయిదాలను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నిలిపివేసినప్పుడు పత్తిచెక్క ఆ జాబితాలో లేదు. దాంతో నూనెగింజల రంగంలో ముందటి నెలల ధరను చూపించే కొద్ది కిటికీల్లో ఇది ఒకటైంది. గుంటూరులోని మిల్లు, తాడేపల్లిగూడెంలోని టోకు వ్యాపారి పొద్దున్నే ఫోనులో అకోలా రేటు చూసుకోగలరు. ఊరి కొట్టు దగ్గరి రైతుకు ఆ రేటు వ్యాపారి నోట వినిపించేదే, అదీ పెరిగిన రోజు వినిపించినంత గట్టిగా తగ్గిన రోజు వినిపించదు. పాత రేటుకు తెచ్చిన సరుకు ఇంకా ఉందన్న మాట తగ్గినప్పుడు వస్తుంది, పెరిగినప్పుడు మాత్రం పాత సరుకుకు కూడా కొత్త రేటు పడుతుంది. నిలవ ఎంత ఉందో కొట్టువాడికి మాత్రమే తెలుసు కనుక ఈ ఎక్కుడు దిగుడుల తేడాలో కొంత మార్జిన్ నిజంగానే దాగి ఉంది.

డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఇక్కడ చెక్కకు గేదె ఒక్కటే గిరాకీ కాదు. కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు, ఉండి వైపు చేపల చెరువుల్లో శీలావతికి, బొచ్చెకు వేసే మేతలో నూనె తీసిన తవుడు ప్రధానం కాగా, దానికి వేరుశనగ చెక్కనో పత్తిచెక్కనో కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో పోసి, నీటిలో పాతిన వెదురు కర్రలకు కట్టి మేపుతారు. వందల ఎకరాల చెరువులున్న రైతు లారీల లెక్కన నేరుగా తెప్పించుకుంటాడు, ఊరి కొట్టు 140 అతనికి అంటదు. వేరుశనగ చెక్క ప్రియమైతే అతను పత్తిచెక్క వంతు పెంచుతాడు, చేప ధర పడితే మేతే తగ్గిస్తాడు. అప్పుడు ఆ లారీలు పట్టణంలోని దాణా కొట్ల వైపు తిరుగుతాయి. రెండు గేదెల రైతు కొనే బస్తా ధరలో పత్తి రైతు, పామాయిల్ సుంకం, అకోలా వాయిదా ఎంత ఉన్నాయో, కోల్‌కతా పక్కని హౌరా చేపల సంతలో ఆ వారం చేప పలికిన ధర కూడా అంత ఉంది.

ఆ రెండు గేదెల రైతు మాత్రం ఈ అంతరాలేవీ చూడడు. అతను చూసుకునే అంతరం ఒక్కటే, కిలో చెక్క ధరకూ లీటరు పాల ధరకూ మధ్య ఉన్నది. పాలకేంద్రంలో లీటరుకు దక్కే ధర వెన్న శాతంతో, వెన్నలేని ఘనపదార్థాలతో ముడిపడి నెలల తరబడి కదలకుండా ఉంటుంది, చెక్క ధర వారానికోసారి కదులుతుంది. వేసవిలో చెక్క కిలో రెండు రూపాయలు పెరిగితే, రెండూ కలిసి రోజుకు నాలుగు కిలోలు తినే పాడిగేదెల మీద నెలకు 240 రూపాయలు అదనపు ఖర్చు. దాన్ని ముందుకు నెట్టడానికి అతనికి కొనుగోలుదారు లేడు, వెనక్కు నెట్టడానికి అమ్మకందారు ఒప్పుకోడు. జిన్నింగు మిల్లు, నూనె మిల్లు, టోకు వ్యాపారి, ఊరి కొట్టు, అందరూ తమ అంతరాన్ని అటో ఇటో సర్దుకోగలుగుతుండగా, గొలుసుకు ఈ కొసన ఉన్న ఇతనూ ఆ కొసన ఉన్న పత్తి రైతూ మాత్రం రెండు చోట్లా ఇతరులు చెప్పిన ధరకే ఒప్పుకుంటున్నారు. చెక్క మరీ ప్రియమైన నెలలో అతను చేసేది చెక్కలో ఒక వంతు తగ్గించి తవుడు ఎక్కువ కలపడం, పక్షం తిరిగేసరికి పాల చీటీలో వెన్న శాతం ఎంత దిగిందో చూసుకోవడం.